ఉబ్బసంలో పీల్చే స్టెరాయిడు: గంటల్లో వచ్చే మేలు, రోజుల్లో పోయే మేలు

వార్షిక సంచికకు శాస్త్రవిషయం ఏదైనా వ్రాయమని విద్యార్థి సంఘం మిత్రులు కోరినప్పుడు, నన్ను ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్ననే ఎత్తుకుందామనిపించింది. శరీరధర్మశాస్త్రంలో శ్వాసవ్యవస్థ పాఠం ముగిసిన రోజున ఒకరో ఇద్దరో విద్యార్థులు బల్ల దగ్గరకు వస్తారు. “సార్, నాకు కొద్దిగా ఉబ్బసం ఉంది. డాక్టరుగారు రెండు ఇన్‌హేలర్లు ఇచ్చారు. ఒకటి పీల్చగానే ఆయాసం తగ్గుతుంది. రెండోది స్టెరాయిడట. నాలుగు రోజులు పీల్చాను, బాగానే ఉంది. ఇంక మానెయ్యొచ్చా?” అంటారు.

చూడటానికి ఇది చిన్న ప్రశ్న. విప్పి చూస్తే ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. పీల్చిన స్టెరాయిడు ఎంత త్వరగా పనిచేస్తుంది? చేసిన పని ఎంతకాలం నిలుస్తుంది? ఈ రెండింటికీ గత 40, 50 ఏళ్లలో ప్రయోగశాలలు మంచి జవాబులే చెప్పాయి. అవి మందుల షాపు దాకా, హాస్టలు గది దాకా రాలేదు. ఆ జవాబులను లెక్కలతో సహా, సాధ్యమైనంత సులభంగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

సున్నితత్వం అంటే ఏమిటి?

సంక్రాంతి ముందు ఇంటికి సున్నాలు వేస్తుంటే దుమ్ము లేస్తుంది. ఇంట్లో అందరూ ఆ దుమ్మే పీలుస్తారు. నలుగురికి రెండు తుమ్ములు వచ్చి పోతాయి. ఒక్కడికి మాత్రం గుండె పట్టేసి, పిల్లికూతలు మొదలై, రాత్రంతా కూర్చునే ఉండవలసి వస్తుంది. దుమ్ములో తేడా లేదు, తేడా అంతా శ్వాసనాళంలో ఉంది. ఇతరులు లెక్కచేయని కొద్దిపాటి ప్రేరణకే ఉబ్బస రోగి శ్వాసనాళాలు ముడుచుకుపోతాయి. ఈ గుణాన్నే శ్వాసనాళాల సున్నితత్వం, లేదా అతిస్పందన అంటారు. దుమ్ము, చల్లగాలి, పొగ, పరుగు, పెద్దగా నవ్వడం, జలుబు, వీటిలో ఏదైనా నిప్పురవ్వ కావచ్చు.

శ్వాసనాళం గోడలో మూడు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. లోపలివైపు శ్లేష్మపు పొర ఉంటుంది. దాని కింద రక్తనాళాలు, రకరకాల రక్షక కణాలు ఉంటాయి. వాటిని చుట్టి నునుపు కండరం ఉంటుంది. ఉబ్బసంలో రెండు పనులు జరుగుతాయి. కండరం బిగుసుకోవడం మొదటిది. గోడ వాచి, ఇయోసినోఫిల్ కణాలు, మాస్ట్ కణాలు పోగుపడి ఉండటం రెండోది. మొదటిది వచ్చిపోతూ ఉంటుంది, రోగికి వెంటనే తెలుస్తుంది. రెండోది చడీచప్పుడు లేకుండా రోజుల తరబడి సాగుతుంది. ఆయాసం లేని రోజున కూడా అది ఉండవచ్చు. సున్నితత్వానికి ముఖ్యమైన మూలం ఈ రెండోదే.

సాల్‌బ్యుటమాల్ వంటి మందు మొదటి పనిని విప్పుతుంది. కండరం సడలుతుంది, నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది. వాపును అది ముట్టుకోదు. స్టెరాయిడు ముట్టుకునేది వాపునే.

దాన్ని కొలిచేదెలా?

“నాకు బాగానే ఉంది” అన్న మాటతో శాస్త్రం తృప్తిపడదు గదా. అంకె కావాలి. కెనడాలో హామిల్టన్ నగరంలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో కాక్‌క్రాఫ్ట్, హార్‌గ్రీవ్, వారి సహచరులు హిస్టమిన్‌తో చేసే పరీక్షను ఒక పద్ధతిలో పెట్టి 1977లో ప్రచురించారు. కొద్ది మార్పులతో ఆ పద్ధతే తర్వాత చాలా దేశాలకు పాకింది. హిస్టమిన్ స్థానంలో ఎక్కువగా మిథాకొలీన్ వాడటం అలవాటైంది. మన శరీరంలో నరాల చివర ఊరే ఎసిటైల్ కొలీన్‌కు అది దగ్గరి చుట్టం. శ్వాసనాళపు కండరాన్ని నేరుగా బిగిస్తుంది.

పరీక్ష ఇలా సాగుతుంది. గుండెనిండా గాలి పీల్చి స్పైరోమీటరులోకి బలంగా ఊదమంటారు. మొదటి సెకండులో ఎన్ని లీటర్ల గాలి బయటికి వచ్చిందో కొలుస్తారు. తర్వాత ఉప్పునీటి ఆవిరి పీల్పించి మళ్లీ కొలుస్తారు. అది మొదలు అంకె. ఆ తర్వాత చాలా పలుచని మిథాకొలీన్ ద్రవాన్ని ఆవిరిగా రెండు నిమిషాలు పీల్పించి కొలుస్తారు. మెట్టుమెట్టుకూ గాఢత రెట్టింపు చేస్తూ పోతారు: మిల్లీలీటరుకు 0.03 మిల్లీగ్రాము నుంచి 16 మిల్లీగ్రాముల వరకు. ఊదిన గాలి మొదలు అంకె కంటే 20 శాతం తగ్గగానే ఆపి, సాల్‌బ్యుటమాల్ ఇచ్చి నాళాలను విప్పుతారు. ఏ గాఢత దగ్గర 20 శాతం పడిపోయిందో ఆ అంకెకు పి.సి. 20 అని పేరు. 16 దాకా వెళ్లినా 20 శాతం తగ్గకపోతే సున్నితత్వం మామూలుగా ఉందన్నమాట. 4కూ 16కూ మధ్య ఉంటే అటో ఇటో చెప్పలేని హద్దు. 1కీ 4కీ మధ్య ఉంటే స్వల్ప సున్నితత్వం. 1 కంటే తక్కువైతే ఎక్కువ. అంకె ఎంత చిన్నదైతే నాళం అంత సున్నితం అన్న సంగతి మరచిపోకండి.

పాఠం కోసం ఒక లెక్క వేద్దాం. ఒక విద్యార్థి మొదట 3.00 లీటర్లు ఊదాడనుకోండి. 20 శాతం తగ్గితే 2.40. ఒక మిల్లీగ్రాము గాఢత దగ్గర 2.70 ఊదాడు, అంటే 10 శాతం తగ్గింది. రెండు మిల్లీగ్రాముల దగ్గర 2.25 ఊదాడు, అంటే 25 శాతం తగ్గింది. 20 శాతం అనేది ఈ రెండింటి మధ్య ఎక్కడో పడుతుంది. గాఢతలు రెట్టింపు చొప్పున పెరుగుతున్నాయి కాబట్టి సంవర్గమానాల మీద లెక్క కట్టాలి. దారిలో మూడింట రెండు వంతుల దగ్గర పడుతుంది, సుమారు 1.6 వస్తుంది. అదే అతని పి.సి. 20.

మందు వాడాక అది 3.2 అయితే “ఒక రెట్టింపు” మేలు జరిగిందంటారు. 6.4 అయితే రెండు రెట్టింపులు. ఒకే మనిషికి, మందేమీ ఇవ్వకుండా, వేర్వేరు రోజుల్లో పరీక్ష చేసినా అంకె సుమారు ఒక రెట్టింపు అటూ ఇటూ ఊగవచ్చు. కాబట్టి 1.6 కాస్తా 2 అయిందని సంబరపడటానికి వీల్లేదు. అందుకే ఒక్కరిని కాక పదులమందిని పరీక్షించి సరాసరి చూస్తారు.

ఇంకో రకం పరీక్షలున్నాయి. మిథాకొలీన్, హిస్టమిన్ కండరం మీద నేరుగా పనిచేస్తాయి. పరుగు, గాఢమైన ఉప్పునీటి ఆవిరి, మానిటాల్ పొడి, ఎ.ఎం.పి. అనే పదార్థం మాత్రం చుట్టుతోవన వస్తాయి. ఇవి గోడలోని మాస్ట్ కణాల వంటి వాటిని రెచ్చగొట్టి, వాటి నుంచి వెలువడే రసాయనాల ద్వారా కండరాన్ని బిగిస్తాయి. అంటే నేరు పరీక్ష ముఖ్యంగా కండరం గుణాన్నీ, చుట్టుతోవ పరీక్ష ముఖ్యంగా వాపు పరిస్థితినీ చెబుతాయి. ముందుముందు ఈ తేడాతో మనకు పనుంది.

ఇన్‌హేలర్‌లోకి స్టెరాయిడు వచ్చిన కథ

అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1948లో హెంచ్, కెండాల్ బృందం కార్టిసోన్‌ను కీళ్లవాత రోగులకు ఇచ్చి చూసింది. మంచంలో పడి ఉన్నవారు లేచి నడిచారు. 1950లో ఆ ఇద్దరికీ, స్విట్జర్లండులో పనిచేసిన రైక్‌స్టైన్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఉబ్బసంలో కూడా ఈ మందు గొప్పగా పనిచేస్తుందని కొద్దికాలంలోనే తేలింది. కాని మాత్రలుగా నెలల తరబడి మింగితే మొహం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, చక్కెరవ్యాధి, రక్తపోటు వంటి ముప్పులు వెంటబడ్డాయి. మనవాళ్లకు “స్టెరాయిడు” అంటే ఇప్పటికీ ఉన్న భయం అప్పటి మాత్రల నాటిదే.

మందును నేరుగా శ్వాసనాళానికే చేరిస్తే సరిపోదా అన్న ఆలోచన అప్పుడే వచ్చింది. తొలి ప్రయత్నాలు అంతగా ఫలించలేదు. చర్మం మీద రాసే బలమైన స్టెరాయిడులు తయారయ్యాక దారి దొరికింది. ఇంగ్లండులో డెర్బీ పట్టణపు వైద్యుడు మారో బ్రౌన్, ఆయన సహచరులు 1972లో బెక్లోమెథసోన్ అనే స్టెరాయిడును పీల్పించి మంచి ఫలితాలు ప్రకటించారు. ఆయన చేసిన తెలివైన పని ఒకటుంది. రోగుల తెమడను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ఇయోసినోఫిల్ కణాలున్నవారిని గుర్తించి వారికి స్టెరాయిడు ఇచ్చాడు. వాపు ఉన్నచోటనే వాపు మందు పనిచేస్తుంది గదా. ఆ తర్వాత బ్యుడెసొనైడ్, ఫ్లూటికసోన్ వంటివి వచ్చాయి.

మొదటి గంటల్లో ఏం జరుగుతుంది?

పాఠ్యపుస్తకాల్లో “స్టెరాయిడు నెమ్మదిగా పనిచేస్తుంది, వారాలు పడుతుంది” అని చదువుకుంటాం. అది పూర్తి నిజం కాదు.

స్టెరాయిడు కణంలోకి దూరి ఒక గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఆ జంట కణకేంద్రకంలోకి వెళ్లి, వాపును రగిలించే జన్యువులను ఆర్పుతుంది, వాపును అణచేవాటిని వెలిగిస్తుంది. జన్యువు నుంచి ప్రోటీను దాకా జరగవలసిన వ్యవహారం కాబట్టి దీనికి గంటలు పడుతుంది. ఇది కాక జన్యువులతో ప్రమేయం లేని త్వరిత చర్య కూడా ఒకటుంది. అమెరికాలోని మయామీ పరిశోధకులు 2000లో ప్రచురించిన దాని ప్రకారం, పీల్చిన ఫ్లూటికసోన్ శ్వాసనాళపు పొరలో రక్తప్రవాహాన్ని అరగంటలో తగ్గిస్తుంది, గంటన్నరకల్లా ఆ ప్రభావం పోతుంది. ఇది రక్తనాళాలు ముడుచుకోవడం మాత్రమే, సున్నితత్వపు కొలత కాదు. కాని మందు గోడను చేరిన వెంటనే పని మొదలుపెడుతుందని దీనివల్ల తెలిసింది.

సున్నితత్వం సంగతి చూద్దాం. లండనులో తేలికపాటి ఉబ్బసం ఉన్నవారికి ఒక్క మోతాదు ఫ్లూటికసోన్ పీల్పించి ఎ.ఎం.పి. పరీక్ష చేశారు. రెండు గంటల్లోనే సున్నితత్వం తగ్గినట్లు 2002లో ప్రకటించారు. ఆస్ట్రేలియాలో 2001లో వెలువడిన మరొక పరిశోధనలో 2,400 మైక్రోగ్రాముల బ్యుడెసొనైడ్‌ను ఒకే మోతాదుగా ఇచ్చారు. ఆరు గంటల తర్వాత గాఢమైన ఉప్పునీటి పరీక్షలో సున్నితత్వం తగ్గింది, తెమడలో ఇయోసినోఫిల్ కణాలు కూడా తగ్గాయి. 2,400 మైక్రోగ్రాములు చాలా పెద్ద మోతాదు, అది ప్రయోగం కోసం ఇచ్చినది. ఎవరూ ఇంట్లో అనుకరించరాదు.

ఈ రెండూ చుట్టుతోవ పరీక్షలే అన్నది గమనించండి. స్టెరాయిడు మొదట చల్లబరిచేది మాస్ట్ కణాలు, ఇయోసినోఫిల్‌ల వంటి వాటినే. కాబట్టి ఈ పరీక్షల్లో మార్పు ముందుగా, స్ఫుటంగా కనిపిస్తుంది. మిథాకొలీన్ పరీక్షలో మార్పు ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. “మందు త్వరగా పనిచేస్తుందా?” అని అడిగితే “ఏ గీటురాయి మీద?” అని ఎదురు ప్రశ్న వేయాలన్నమాట.

వారాలు గడిచేకొద్దీ

హాలెండులోని గ్రోనింజన్ పరిశోధకులు 1985లో నాలుగు వారాల ప్రయోగం ప్రచురించారు. అలర్జీ ఉబ్బసం ఉన్నవారికి బ్యుడెసొనైడ్‌నూ, నాళాలను విప్పే టెర్బుటలైన్‌నూ ఇచ్చి పోల్చారు. నాలుగు వారాల్లో సున్నితత్వాన్ని తగ్గించింది బ్యుడెసొనైడే.

ఇంగ్లండులో నాటింగ్‌హామ్ బృందం చేసిన పని మన ప్రశ్నకు సూటిగా తగులుతుంది. తేలికపాటి ఉబ్బసం ఉన్న పెద్దలకు 800 మైక్రోగ్రాముల బ్యుడెసొనైడ్‌ను రోజుకు రెండుసార్లు చొప్పున ఆరు వారాలు పీల్పించి, మధ్యమధ్య హిస్టమిన్ పరీక్షలు చేసి 1991లో ప్రచురించారు. మేలు తొలి మోతాదుతోనే మొదలైంది. ఆరు వారాల పొడుగునా పెరుగుతూ పోయింది.

అక్కడితో ఆగదు. 2002లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశీలనలో ఫ్లూటికసోన్ ఏడాది పాటు ఇచ్చి, శ్వాసనాళపు గోడ ముక్కలు తీసి చూశారు. వాపు కణాలు మూడు నెలలకే తగ్గాయి. సున్నితత్వం మాత్రం ఏడాది చివరిదాకా తగ్గుతూనే ఉంది. పొర కింద ఏళ్ల తరబడి పేరుకున్న మందం పలచబడినట్లు కనిపించింది ఏడాది చివరనే. అంటే సున్నితత్వంలో రెండు భాగాలున్నాయి. ఒకటి అప్పటికప్పుడు ఉన్న వాపు వల్ల వచ్చేది, అది గంటల్లో, వారాల్లో తగ్గుతుంది. రెండోది గోడ నిర్మాణమే మారిపోవడం వల్ల వచ్చేది, దానికి నెలలు కావాలి. కొందరిలో అది పూర్తిగా పోదు.

మరి మానేస్తే?

ఇక్కడే అసలు సంగతి. నాటింగ్‌హామ్ ప్రయోగంలో ఆరు వారాల తర్వాత మందు ఆపి పరీక్షలు కొనసాగించారు. ఆరు వారాలు ఓపికగా కూడబెట్టిన మేలు కొద్ది రోజుల్లోనే కరిగిపోయింది. సున్నితత్వం పాత చోటికి తిరిగివచ్చింది. స్టెరాయిడు వాపును అణచిందే గాని దాని వేరు పెరికివేయలేదు. పొయ్యిలో కట్టె అలాగే ఉంది, మంట మాత్రం తగ్గించాం.

మరి ఎక్కువకాలం వాడితే? ఫిన్లండులో హాటెలా, సహచరులు కొత్తగా ఉబ్బసం బయటపడిన 103 మందితో రెండేళ్ల ప్రయోగం చేసి 1991లో ప్రచురించారు. బ్యుడెసొనైడ్ వాడినవారు టెర్బుటలైన్ వాడినవారి కంటే అన్ని విధాలా మెరుగ్గా ఉన్నారు. 1994లో దాని కొనసాగింపు వెలువడింది. రెండేళ్లు బ్యుడెసొనైడ్ వాడినవారిలో కొందరికి మోతాదు మూడో వంతుకు, అంటే రోజుకు 400 మైక్రోగ్రాములకు తగ్గించారు. మిగిలినవారికి తెలియకుండా ఉత్తుత్తి మందు ఇచ్చారు. తగ్గించిన మోతాదు వాడినవారిలో ఎక్కువమంది మేలును నిలుపుకున్నారు. పూర్తిగా ఆపినవారిలో సుమారు మూడింట ఒక వంతు మందే నిలుపుకోగలిగారు. రెండేళ్ల పాటు టెర్బుటలైన్‌తోనే గడిపి మూడో ఏట స్టెరాయిడుకు మారినవారు బాగుపడ్డారు గాని, ముందే మొదలుపెట్టినవారంత బాగుపడలేదు.

కాబట్టి మన విద్యార్థి ప్రశ్నకు జవాబు ఇది. నాలుగు రోజుల్లో మేలు కనిపించడం నిజమే, అది భ్రమ కాదు. కాని నాలుగు రోజుల్లో వచ్చింది నాలుగు రోజుల్లో పోతుంది. ఆయాసం పోయిన రోజూ సున్నితత్వం పోయిన రోజూ ఒకటి కావు. మొదటిది వారంలో రావచ్చు, రెండోదానికి నెలలు పట్టవచ్చు. ఈ మధ్యకాలంలో మందు మానేసినవాడికి తన నాళాలు మళ్లీ ముడుచుకోవడానికి సిద్ధమవుతున్నాయని తెలియదు. ఏ జలుబో పట్టిన రాత్రి తెలుస్తుంది.

పోల్చి చూడకపోతే ఏమవుతుంది?

శాస్త్రం చదువుకునే విద్యార్థులు ఈ ప్రయోగాల నుంచి ఇంకొక పాఠం నేర్చుకోవాలి. ఉబ్బసం తనంతట తాను ఎక్కుతూ దిగుతూ ఉండే జబ్బు. పంటపొలాల పుప్పొడి, చలి, ముసురు, వీటితో అది మారుతుంది. రోగులు మరీ బాధగా ఉన్నప్పుడే మందుకు వస్తారు, ఆ దశ దాటాక ఎలాగూ కొంత తగ్గుతుంది. కాబట్టి “మందు వేసుకున్నాను, తగ్గింది” అన్నంత మాత్రాన మందు వల్లనే తగ్గిందని చెప్పలేం.

మన ప్రాంతం వారికి దగ్గరి ఉదాహరణ ఉంది. ఏటా జూన్ నెలలో, మృగశిర కార్తె ప్రవేశించే వేళకు, హైదరాబాదులో బత్తిని కుటుంబం వారు పంచే చేప మందు కోసం దూరదేశాల నుంచి కూడా ఉబ్బస రోగులు వస్తారు. కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి మింగిస్తారు. ఎవరి నమ్మకాన్నీ నేను ఎగతాళి చేయను. ఆయాసంతో రాత్రులు గడిపినవాడు ఎంత దూరమైనా వెళతాడు. కాని ఆ కార్తెతోనే ఎండలు తగ్గి ఋతువు మారుతుంది. ఋతువు వల్ల తగ్గిందా, మందు వల్ల తగ్గిందా అని తేల్చాలంటే ఒకటే దారి. సగం మందికి అసలు మందు, సగం మందికి అదే రుచిగల ఉత్తుత్తి మందు, చీట్లు తీసి ఇవ్వాలి. ఎవరికి ఏది వెళ్లిందో ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ తెలియకూడదు. ముందూ వెనకా కొలవాలి. స్టెరాయిడును నమ్మడానికి కారణం అది విదేశాల నుంచి రావడం కాదు. ఈ పరీక్షకు అది పదేపదే నిలబడటం.

“కొద్దిగానే” అన్న మాటలో ప్రమాదం

“నాది తేలికపాటి ఉబ్బసమే” అని చాలామంది ధైర్యంగా ఉంటారు. బ్రిటన్‌లో 195 ఉబ్బస మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 2014లో జాతీయ నివేదిక వెలువరించారు. జబ్బు తీవ్రత అంచనా కట్టగలిగిన కేసుల్లో 58 శాతం తేలికపాటి లేదా మధ్యరకం ఉబ్బసంగా వైద్యం పొందుతున్నవారే. మన దేశం సంగతి ఇంకా ఆలోచించదగ్గది. 2019 సంవత్సరానికి కట్టిన అంతర్జాతీయ అంచనాల ప్రకారం ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో సుమారు 13 శాతం భారతదేశంలో ఉన్నారు. ఉబ్బస మరణాల్లో మాత్రం 42 శాతానికి పైగా ఇక్కడే. జబ్బు అదే అయినా మరణాలు మూడింతలకు పైగా ఉన్నాయి. రోగ నిర్ధారణ ఆలస్యం కావడం, పీల్చే స్టెరాయిడు వాడకం తక్కువగా ఉండటం ఇందుకు ముఖ్య కారణాలని ఈ విషయంలో పనిచేసేవారు చెబుతున్నారు.

నాళాలను విప్పే మందు మీదనే ఆధారపడటంలో ఒక చిక్కు కూడా ఉంది. నాటింగ్‌హామ్ వారే 1988లో ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు. తేలికపాటి ఉబ్బసం ఉన్నవారికి రెండు వారాలు టెర్బుటలైన్ క్రమంగా ఇచ్చి ఆపారు. ఆపిన మర్నాటికి సున్నితత్వం మొదటికంటే ఎక్కువగా ఉంది. ఊపిరి ఆడించే మందే నాళాన్ని మరింత చిరాకుపెట్టిందన్నమాట.

2003లో “స్టార్ట్” అనే పేరుతో 32 దేశాల్లో 7,241 మందిపై మూడేళ్లు జరిగిన ప్రయోగం వెలువడింది. తేలికపాటి ఉబ్బసంలో రోజూ స్వల్ప మోతాదు బ్యుడెసొనైడ్ తీసుకుంటే తీవ్రమైన దాడి వచ్చే ప్రమాదం 44 శాతం తగ్గింది. కాని బాగున్న మనిషి చేత రోజూ మందు పీల్పించడం కష్టం. దానికొక ఉపాయంగా 2018లో “సిగ్మా” ప్రయోగాలు వచ్చాయి. బ్యుడెసొనైడ్‌నూ, నాళాలను త్వరగా విప్పే ఫార్మోటెరాల్‌నూ ఒకే ఇన్‌హేలర్‌లో కలిపి, అవసరమైనప్పుడు మాత్రమే పీల్చమన్నారు. ఉపశమనం కోసం పీల్చిన ప్రతిసారీ వాపు మందు కూడా తెలియకుండానే లోపలికి పోతుంది. స్టెరాయిడు గంటల్లోనే పని మొదలుపెడుతుందన్న సంగతి ఇక్కడ అక్కరకు వచ్చింది. టెర్బుటలైన్ మాత్రమే పీల్చినవారితో పోలిస్తే తీవ్రమైన దాడులు 64 శాతం తగ్గాయి. రోజూ బ్యుడెసొనైడ్ వాడినవారిలోనూ దాడులు దాదాపు ఇంతే తగ్గాయి. రోజువారీ ఆయాసం అదుపులో మాత్రం క్రమంగా వాడినవారే కొంచెం మెరుగు. అవసరానికి పీల్చినవారి శరీరంలోకి వెళ్లిన స్టెరాయిడు, రోజుకు మధ్యస్థంగా చూస్తే, 57 మైక్రోగ్రాములు. క్రమంగా వాడినవారిలో 340. అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శక సంస్థ జీనా 2019లో తన సలహా మార్చుకుంది. పెద్దలకూ కౌమారవయస్కులకూ సాల్‌బ్యుటమాల్ వంటి మందును ఒంటరిగా ఇవ్వరాదని చెప్పింది.

స్టెరాయిడు భయం ఎంతవరకు సబబు?

దీనికి కూడా లెక్కే జవాబు. తీవ్రమైన దాడిలో వైద్యులు రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇస్తారనుకోండి. అది 40,000 మైక్రోగ్రాములు. తేలికపాటి ఉబ్బసంలో పీల్చే బ్యుడెసొనైడ్ రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు. రెండూ వేర్వేరు మందులు కాబట్టి అంకెకు అంకె సరిపోల్చరాదు గాని, వందవ వంతు అన్న అందాజు దొరుకుతుంది. పీల్చినదానిలో గొంతులో పడి కడుపులోకి జారిన భాగంలో సుమారు 90 శాతాన్ని కాలేయమే విరిచేస్తుంది. ఇన్‌హేలర్‌ను పీల్చకుండా ఉండి, ఒక దాడి తెచ్చుకుని, మాత్రలు మింగినవాడే ఎక్కువ స్టెరాయిడు తిన్నవాడవుతాడు.

దోషాలు లేవని చెప్పను. గొంతు బొంగురుపోవచ్చు, నోట్లో తెల్లని బూజు పట్టవచ్చు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే ఇవి చాలావరకు తగ్గుతాయి. చిన్నపిల్లలకు ఏళ్ల తరబడి రోజుకు 400 మైక్రోగ్రాముల బ్యుడెసొనైడ్ ఇచ్చిన ఒక అమెరికా ప్రయోగంలో, పెద్దయ్యాక ఎత్తు సరాసరిన 1.2 సెంటీమీటర్లు తగ్గినట్లు 2012లో తేలింది. తల్లిదండ్రులు తెలుసుకోవలసిన నిజమిది. రాత్రుళ్లు ఊపిరాడని పిల్లవాడి బాధ పక్కన దీన్ని పెట్టి తూచుకోవాలి.

చివరిగా విద్యార్థులకు నా మనవి. మీలో ఎవరికైనా ఉబ్బసం ఉంటే, ఏ ఇన్‌హేలర్ వాపుకు, ఏది ఉపశమనానికి అన్నది డాక్టరును అడిగి తెలుసుకోండి. పరీక్షల హడావుడిలో, ఊరెళ్లినప్పుడు, “బాగానే ఉంది” అనిపించినప్పుడు సొంతంగా మానకండి. ఎప్పుడు, ఎంత తగ్గించాలో ఆయనతో మాట్లాడండి. నెలల పాటు నిలకడగా ఉన్నాక తగ్గించుకుంటూ రావడానికి మార్గముంది. ఉపశమనపు ఇన్‌హేలర్ వారంలో ఎన్నిసార్లు తీశారో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. గీతలు పెరుగుతుంటే నాళం మళ్లీ సున్నితమవుతోందని అర్థం, స్పైరోమీటరు లేకపోయినా ఆపాటి కొలత ఎవరైనా చేయగలరు. మీ గదిలో ఉబ్బసం ఉన్న మిత్రుడుంటే అతని మందు ఎక్కడ పెడతాడో అడిగి ఉంచండి. మాట పూర్తిగా పలకలేనంత ఆయాసం వస్తే, ఇన్‌హేలర్‌తో తగ్గకపోతే, తెల్లవారనివ్వకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.